పేరు తప్పిన టికెట్లు

"సర్, ఈవిడ పేరు మేరీ జేన్. వయసు ఇరవై మూడు. ఒకసారి బాగా చూసి చెప్పండి, ఎలా ఉంది?"

డెల్ఫిన్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. ఎదురుగా నీలం యూనిఫాంలో ఒకమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన ఎండకి కమిలిపోయిన డెబ్భై ఏళ్ళ ముసలాయన. ముందు పళ్ళు నాలుగు లేవు. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో ఎండుచేపల పొట్లం.

"మేరీ జేన్ ఎక్కడ?" అన్నాడు డెల్ఫిన్ అయోమయంగా.

"ఇదిగో. మీ కంప్యూటర్ ఈయనకిచ్చిన పేరు అదే. అసలు పేరు తానిస్. పోరో దీవిలో మునిమనవడి బాప్తిజానికి వెళ్తున్నాడు. పొద్దున ఏడింటి ఓడ ఎక్కబోతే గేటు దగ్గర ఆపేశారు. టికెట్‌లో ఆడపిల్ల, ఎదురుగా ఈయన. ఎవరు ఎక్కనిస్తారు చెప్పండి?"

తాతని అక్కడ 'లోలో' అంటారు. లోలో తానిస్ మొహమాటంగా నవ్వాడు. "మేరీ జేన్ అంటే నాకేం బాధ లేదు బాబూ. ఓడ ఎక్కనిస్తే చాలు."

డెల్ఫిన్ టికెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొనేటప్పుడు పేరు తప్పు టైప్ చేసుంటారు."

"టైప్ చేసింది ఈయన మనవరాలు. తాతని పట్టుకుని మేరీ జేన్ అని ఎందుకు కొడుతుంది?"

"ఆ మనవరాలి పేరే మేరీ జేన్ ఏమో."

"క్లారిటా," అన్నాడు ముసలాయన.

అమ్మాయి తన సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "మూడు వారాల్లో పదకొండు మంది. ఈయన పన్నెండో మనిషి. మెయిల్ పెట్టాను, ఫోన్ చేశాను. మీ వాళ్ళు చెప్పింది ఒకటే, 'మా వైపు అంతా కరెక్టే' అని. అందుకే ఇక నుంచి పేరు తప్పిన ప్రతి మనిషినీ ఇక్కడికే తీసుకొస్తా. నలభై రెండు మెట్లు. నాకు ఎక్కడం ఇబ్బంది కాదు."

"మీ పేరు?" అన్నాడు డెల్ఫిన్.

"రోవెనా లుమాపాస్. చెక్-ఇన్ కౌంటర్. స్పెల్లింగ్ తప్పు కొట్టకండి," అని ముసలాయన చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "రండి లోలో, పదకొండింటి ఓడలో నేనే ఎక్కిస్తా," అనడం మెట్ల మీద వినిపించింది.

సెబూ రేవుకి ఎదురుగా, ఓడల కంపెనీ ఆఫీసున్న ఆ రెండో అంతస్తులో పనిచేసే మిగతా ఆరుగురూ తలలు దించుకుని నవ్వుకున్నారు. డెల్ఫిన్‌కి మాత్రం ఒళ్ళు మండింది. ఆ టికెట్ల వెబ్‌సైట్ అతను రెండేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నది. అందులో తప్పుందంటే ఎలా ఒప్పుకుంటాడు?

ఆ మధ్యాహ్నం యాభై టికెట్లు తనే కొని చూశాడు. యాభైకి యాభై సరిగ్గా వచ్చాయి.

మర్నాడు రోవెనా ఒక నన్‌ని తీసుకొచ్చింది. టికెట్‌లో పేరు రోమెల్, పురుషుడు. ఆ తర్వాత రోజు కవల పిల్లల్ని. ఇద్దరి టికెట్ల మీదా ఒకే పేరు, అదీ ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఆ తర్వాత రోజు ఒక పోలీసాయన వచ్చాడు. ఆయన పేరు టికెట్‌లో 'బేబీ లిన్' అని ఉంది. ఆయన నవ్వలేదు.

"సర్ ఈ రోజు ఏం చెప్తారో?" అంది రోవెనా.

"టైపింగ్ తప్పు అని మాత్రం చెప్పను," అన్నాడు డెల్ఫిన్, పోలీసాయన చేతులకేసి చూస్తూ.

ఆమె నవ్వు ఆపుకోడానికి కిటికీ వైపు తిరిగింది. ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు డెల్ఫిన్ చెవుల్లో సాయంత్రం దాకా ఉంది. మర్నాడు పది దాటినా మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడకపోతే, టికెట్లన్నీ సరిగ్గా వచ్చినందుకు సంతోషించాల్సింది పోయి, వెలితిగా అనిపించింది. తనని తానే తిట్టుకుని, గొడుగు తీసుకుని రేవుకి బయల్దేరాడు.

అప్పటికే వాన దంచుతోంది. రేవులో జనం రేకుల షెడ్డు కింద ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మూటలు, అట్టపెట్టెలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, బిడ్డల ఏడుపులు. కౌంటర్లో రోవెనా తల ఎత్తకుండా పేర్లు చదువుతోంది, ఓడ ఎక్కేవాళ్ళ జాబితాలో టిక్కులు పెడుతోంది.

"ఏంటి సర్, దారి తప్పారా?"

"ఇక్కడ కూచుని చూస్తా. అడ్డం కాను."

"అడ్డమే. ఆ పెట్టె మీద కూచోండి."

కూచున్నాడు. ఒక రోజు కాదు, మూడు రోజులు. ఆఫీసులో పని ముగించుకోవడం, రేవుకి రావడం, ఆ పెట్టె మీద కూచోవడం. వస్తూ వస్తూ కొబ్బరాకు గూడులో ఉడికించిన అన్నం, కాల్చిన చేప తెచ్చేవాడు. మొదటి రోజు ఆమె తన వాటా డబ్బులిచ్చేసింది. రెండో రోజు ఇవ్వలేదు. మూడో రోజు, "చేప ఇంకోటి తేవచ్చుగా," అంది.

ఆ రోజే అడిగాడు. "ఒక్క మాట. నీకెందుకింత పట్టుదల? పేరు తప్పితే చేత్తో దిద్ది ఎక్కించేయొచ్చు. మిగతా కౌంటర్లవాళ్ళు అదే చేస్తున్నారు."

రోవెనా పెన్ను కింద పెట్టింది.

"పన్నెండేళ్ళ కిందట మా అమ్మ ఎక్కిన పడవ బోల్తా పడింది. చిన్న పడవ. జాబితాలో అమ్మ పేరు దోలోరెస్ బదులు లూర్దెస్ అని రాశారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళ పేర్లు చదివారు. లూర్దెస్ ఉంది, దోలోరెస్ లేదు. నాకప్పుడు పదహారు. మూడు రోజులు ఇంట్లో ప్రార్థనలు చేశాం. నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ నడుచుకుంటూ వచ్చింది. కొవ్వొత్తి వెలిగించిన తన ఫొటో చూసి, 'ఇంతకన్నా మంచి ఫొటో దొరకలేదా మీకు?' అంది."

డెల్ఫిన్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు.

"నవ్వొచ్చు. మేమూ నవ్వుకుంటాం. కానీ ఆ మూడు రోజులు నేనెలా ఉన్నానో నాకు తెలుసు. ఓడ ఎక్కే మనిషి పేరు ఆ మనిషిదే అయుండాలి. అంతే. నాకు వేరే పట్టుదలేం లేదు."

డెల్ఫిన్ చేతులు తుడుచుకుని లాప్‌టాప్ తీశాడు.

"నీ నోటుపుస్తకం ఇస్తావా?" అన్నాడు డెల్ఫిన్. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

పుస్తకంలో ఆమె ప్రతి కేసు పక్కనా టికెట్ కొన్న టైం రాసింది. డెల్ఫిన్ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో టైమూ సర్వర్ రికార్డులతో సరిపోల్చాడు. తప్పు పేరు ఊరికే పుట్టుకొచ్చింది కాదు. ప్రతిసారీ అది రెండు మూడు నిమిషాల ముందు టికెట్ కొన్న ఇంకో మనిషి పేరు. అదీ జనం ఒక్కసారిగా కొంటున్న వేళల్లోనే. తను ఒక్కడే తీరిగ్గా కొన్నప్పుడు ఎందుకు సరిగ్గా వచ్చాయో అర్థమైంది.

ఇంకో విషయం కూడా అర్థమై లాప్‌టాప్ సగం మూసేశాడు.

"ఏమైంది? మొహం అలా పెట్టావేం?"

"దొరికింది. సైట్లో మనిషి పేరూ వివరాలూ కొట్టగానే అవి సెషన్‌లో, అంటే ఆ మనిషి పేరున్న చీటీలో, ఉంటాయి. ఆ మనిషి అడిగిన పేజీని సర్వర్లో ఒక థ్రెడ్, అంటే ఒక పనివాడనుకో, తయారుచేస్తుంది. ఆ కాసేపూ ఆ సెషన్ ఆ థ్రెడ్ చేతిలో ఉంటుంది. అంటే నీ కౌంటర్ ముందు మనిషి నిలబడ్డట్టు. ఎవరో తెలుస్తుంది."

"ఊఁ."

"టికెట్ తయారవడానికి టైం పడుతుంది కదా, అంతసేపూ మనిషిని నిలబెట్టకుండా ఆ పని వెనకాల వేరే థ్రెడ్‌లకి అప్పగిస్తుంది. వాటి ముందు మనిషి ఉండడు. సెషన్ దొరకదు. అందుకని తమని పుట్టించిన థ్రెడ్ దగ్గర్నుంచి సెషన్ తీసుకునేలా ఒక లైను రాశారు. అక్కడే తప్పు. వెనకాల థ్రెడ్‌లు కొన్నే. రద్దీలో ఒక పని అయ్యాక అవే ఇంకో పని అందుకుంటాయి. కానీ వాటి చేతిలో మొదటి మనిషి సెషనే ఉండిపోతుంది."

రోవెనా షెడ్డులో మూటలు మోస్తున్నవాళ్ళకేసి చూసింది. "అంటే, కూలీ మొదటి మనిషి పేరు గుర్తుపెట్టుకుని, తర్వాత మోసిన మూటలన్నీ ఆ పేరు మీదే దించుతున్నాడు."

"అచ్చంగా అంతే."

"అయితే కూలీని గుర్తుపెట్టుకోమనడం ఎందుకు? మనిషి ఎదురుగా ఉన్నప్పుడే మూట మీద పేరు రాసి ఇచ్చేస్తే సరిపోదూ?"

డెల్ఫిన్ ఆమెకేసి అలాగే చూస్తుండిపోయాడు. తను నాలుగు పేజీల్లో రాయబోయే పరిష్కారం అదే. సెషన్ చేతిలో ఉన్నప్పుడే కావలసిన పేరూ వయసూ తీసి, పనితోపాటు కట్టి ఇవ్వడం. వెనకాల థ్రెడ్ ఎవర్నీ ఏమీ అడగాల్సిన పనే ఉండదు.

"అలా చూడకు, జనం చూస్తున్నారు," అంది ఆమె. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ లైను రాసిన మహానుభావుడెవరో?" అని కూడా అంది.

డెల్ఫిన్ లాప్‌టాప్ సంచిలో పెట్టేశాడు. "కనుక్కుంటా," అని లేచి వెళ్ళిపోయాడు. వానలో గొడుగు మర్చిపోయి వెళ్ళాడు.

రాసింది అతనే. నెల రోజుల కిందట. సైట్ వేగం పెరిగిందని అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.

సోమవారం పొద్దున రోవెనాకి పైనుంచి ఒక కాగితం వచ్చింది. కౌంటర్ సిబ్బంది ప్రయాణికుల్ని ఆఫీసుకి తీసుకురాకూడదు, ఆఫీసువాళ్ళ పనికి అడ్డు తగలకూడదు అని. రోవెనా ఆ కాగితం రెండుసార్లు చదివింది. మూడు రోజులు పెట్టె మీద కూచుని చేప తిని వెళ్ళి, పైన ఇలా చెప్పాడన్నమాట. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

పదింటికి డెల్ఫిన్ వచ్చాడు.

"రోవెనా, నీతో..."

"పెట్టె అక్కడ లేదు సర్. గోడౌన్‌కి పంపించేశాను."

"మళ్ళీ సర్ ఏంటి?"

"మీ పనికి అడ్డు తగలకూడదట. లైన్లో జనం ఉన్నారు. తర్వాత ఎవరమ్మా, రండి!"

ఆమె జేబులోంచి తీసి విసిరిన కాగితం చదివాక అతనికి విషయం అర్థమైంది. మెట్లు రెండేసి ఎక్కుతూ తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళాడు.

సర్ నెస్టర్ మంచాయనే. కాకపోతే ఏ గొడవైనా ఎల్లుండికి వాయిదా వేసే మనిషి. "ఆ అమ్మాయి రోజూ పైకి వచ్చి నీ పని పాడుచేస్తోందని నేనే పంపించా. థాంక్స్ చెప్పడానికొచ్చావా?"

"టికెట్లలో పేర్లు ఎందుకు మారుతున్నాయో తెలిసింది సర్. రేపు మధ్యాహ్నం రెండు గంటలు ఆన్‌లైన్ అమ్మకం ఆపాలి. మార్చేస్తా."

సర్ నెస్టర్ కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "ఎల్లుండి ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర బుధవారం. ఊళ్ళకి పోయేవాళ్ళు వేలకి వేలు. ఇప్పుడు అమ్మకం ఆపుతానంటావా? పిచ్చా? గంటకోసారి సర్వర్ రీస్టార్ట్ చెయ్. టికెట్ కింద 'మీ పేరు సరిచూసుకోండి' అని ఒక ముక్క వెయ్యి. పండగ అయ్యాక చూద్దాం."

"రీస్టార్ట్ చేసిన పావుగంటకే మళ్ళీ మొదలవుతుంది. ఎల్లుండి రద్దీలో పదులూ ఇరవైలూ కాదు, వందల్లో తప్పుతాయి. ఆ జాబితాతో ఓడలు సముద్రం మీదికి వెళ్తాయి సర్."

"ఇంత పెద్ద తప్పు చేసిందెవరు?"

గాజు తలుపు తెరిచే ఉంది. బయట ఆరుగురి వేళ్ళూ కీబోర్డుల మీద ఆగిపోయాయి.

"నేనే," అన్నాడు డెల్ఫిన్. "ఆ లైను రాసింది నేను. ఆ అమ్మాయి అంతమందిని తీసుకొచ్చి చూపించేదాకా తప్పు లేదని వాదించిందీ నేనే. ఆమె ఎక్కిన మెట్లన్నిటికీ నేనే బాధ్యుణ్ణి. రాతపూర్వకంగా ఇమ్మంటే ఇస్తా."

సర్ నెస్టర్ లేచి గాజు తలుపు మూశాడు. "రేపటి మార్పుతో సైట్ పడిపోతే?"

"ఎల్లుండి రేవులో నిలబడి ఒక్కొక్కరికీ చేత్తో టికెట్ రాస్తా."

"పడిపోకపోతే?"

"అప్పుడూ నిలబడతా. ప్రతి పేరూ నా కళ్ళతో చూసుకోవాలి."

"రెండు గంటలు," అన్నాడు సర్ నెస్టర్. "మూడో గంట అడిగావంటే ఊరుకోను. ఇంకోటి, ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నానని నువ్వే వెళ్ళి చెప్పు. ఆ పిల్లని చూస్తే నాకు భయం."

డెల్ఫిన్ రేవుకి వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. వంతు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఆ మహానుభావుణ్ణి నేనే," అన్నాడు ముందుగా.

రోవెనా పెన్ను ఆగింది.

"ఆ రోజే చెప్పాల్సింది. నీ కళ్ళలో నేను తక్కువైపోతానని భయపడి పారిపోయా. కాగితం నేను పంపించలేదు. అదిప్పుడు చెల్లదు కూడా. పైన అందరికీ చెప్పేశా. రేపు సరిచేస్తున్నా."

లైన్లో వెనకాల మనిషి దగ్గాడు. డెల్ఫిన్ పక్కకి జరిగి వెళ్ళబోతుంటే ఆమె కౌంటర్ కిందనుంచి ఏదో తీసి ముందుకి తోసింది. అతను మర్చిపోయిన గొడుగు.

"రేపు కూడా వానేనట," అంది. "తడిసి జ్వరం తెచ్చుకుంటే ఎవరు సరిచేస్తారు?"

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మకం ఆపారు. మార్చాల్సిన లైన్లు నలభై కూడా లేవు. కానీ డెల్ఫిన్ వాటిని నాలుగు రోజులుగా మనసులో రాస్తూనే ఉన్నాడు. వారసత్వంగా సెషన్ అందుకునే ఆ లైనుని చేత్తో పీకేసినట్టు తీసేశాడు. ఆఫీసులో ఆరుగురూ, సర్ నెస్టర్ కూడా, ఒకేసారి వందల టికెట్లు కొట్టి చూశారు. ఈసారి కావాలనే తొక్కిసలాట సృష్టించారు. ఒక్క పేరూ మారలేదు. ఇచ్చిన రెండు గంటల్లో ఇంకా పది నిమిషాలు మిగిలుండగానే, రెండు యాభైకి సైట్ మళ్ళీ తెరిచారు.

బుధవారం ఆరింటికల్లా డెల్ఫిన్ గేటు దగ్గరున్నాడు. రేవు మొత్తం కిటకిటలాడుతోంది. ఒక్కో టికెట్, ఒక్కో గుర్తింపు కార్డు, ఒక్కో మొహం. ఏడింటి ఓడ నిండింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తొమ్మిదింటిదీ అంతే. పన్నెండింటి ఓడకి ఒక ఆజానుబాహుడు వచ్చాడు. గుబురు గడ్డం, దండల మీద పచ్చబొట్లు. టికెట్‌లో పేరు 'గర్లీ తంపుస్'.

డెల్ఫిన్ టికెట్ పైకెత్తి పట్టుకున్నాడు. "రోవెనా!" అని కేక పెట్టాడు.

ఆమె పరుగెత్తుకొచ్చింది. టికెట్ చూసింది, ఆ మనిషిని చూసింది. "అయ్యా, మీ కార్డు ఒకసారి..."

కార్డు మీదా 'గర్లీ తంపుస్' అనే ఉంది.

"మా అమ్మకి వరసగా ఆరుగురు మగపిల్లలు," అన్నాడు ఆ మనిషి విసుగ్గా. "ఏడోది ఆడపిల్లేనని ముందే పేరు పెట్టేసుకుంది. ఇంకేమైనా అడగాలా?"

"లేదండీ! వెళ్ళిరండి! మీ అమ్మగారిని అడిగానని చెప్పండి!" డెల్ఫిన్ ఆనందం పట్టలేక ఆ మనిషిని కౌగలించుకున్నంత పని చేశాడు. రోవెనా గేటు కమ్మీ పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

మూడింటి పోరో ఓడకి రోవెనా డ్యూటీ ఆఖరు. అదే ఓడలో ఇంటికి వెళ్ళాలి. జాబితా ఫారాలు నింపుతూ తల ఎత్తకుండానే, "తర్వాత! పేరు?" అంది.

"డెల్ఫిన్ య్లాయా."

తల ఎత్తింది. అతను భుజాన సంచితో నిలబడి ఉన్నాడు.

"వయసు?"

"ఇరవై తొమ్మిది."

"పోరోలో ఏం పని?"

"అది ఫారంలో లేదుగా."

"లేదు," అని ఒప్పుకుంది ఆమె. "అత్యవసరమైతే ఎవరికి కబురు చెయ్యాలి?"

"రోవెనా లుమాపాస్‌కి."

డెల్ఫిన్ వెనకాల చంకలో కోడిపుంజుతో ఉన్న పెద్దావిడ మెడ సాచింది. "ఎవరమ్మా ఆ రోవెనా?"

"నేనే," అంది రోవెనా చిన్నగా. పెన్ను ఆఖరి గడి మీద ఆగింది. "సంబంధం?"

"నువ్వే చెప్పాలి."

"ఖాళీగా వదిలితే కుదరదు. అబద్ధం రాయను."

"నా వైపు నిజం చెప్తా రాసుకో. నువ్వంటే నాకిష్టం. నువ్వు రాని రోజు ఆ మెట్లకేసి చూస్తూ కూచున్నా. పండగకి మీ అమ్మగారిని చూసి, తిన్నగా ఆవిడతోనే మాట్లాడాలని బయల్దేరా. నీ వైపు నిజం నాకు తెలీదు. ఊహించి మాత్రం రాయను. అందుకే అడుగుతున్నా."

లైను మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. కోడిపుంజు కూడా.

"అమ్మాయ్, రాయవమ్మా! ఓడ వెళ్ళిపోతుంది!" అని ఎవరో అరిచారు.

రోవెనా వంగి ఒక మాట రాసింది. చప్పున అరచెయ్యి అడ్డం పెట్టింది. కానీ పెద్దావిడ కళ్ళు చురుకైనవి.

"బాయ్‌ఫ్రెండ్ అని రాసిందర్రోయ్!"

షెడ్డు కింద ఈలలు, చప్పట్లు. రోవెనా మొహం మందారంలా అయిపోయింది. "నిజమే రాశాను," అంది గట్టిగా, ఎవరో కాదన్నట్టు. "ఎక్కు. తర్వాత! పేరు?"

పోరో రేవులో దిగేసరికి ఎండ దిగుతోంది. రోవెనా తల్లి దోలోరెస్, ఊళ్ళో అందరికీ నానాయ్ దోలోర్ అంటే దోలోరమ్మ, కూతురి కోసం ఒడ్డునే నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా, కూతురి కళ్ళే. ఆ కళ్ళు ముందు డెల్ఫిన్ సంచిని, తర్వాత అతని బూట్లని, ఆఖర్న మొహాన్ని చూశాయి.

"పేర్లు మార్చే కుర్రాడు నువ్వేనా?"

"నేనేనండి. తప్పు నాదే. సరిచేశాను."

"అమ్మా, ఇతను..." అని రోవెనా మొదలెట్టబోయింది.

"నువ్వాగు. ఇతన్ని అడుగుతున్నా. మళ్ళీ తప్పు జరగదని మాటిస్తావా?"

డెల్ఫిన్ ఒక్క క్షణం ఆలోచించాడు. "అలా మాటివ్వలేనండి. జరుగుతుంది. కానీ ఈసారి మీ అమ్మాయి మెట్లెక్కి రానక్కర్లేదు. నేనే దిగి వచ్చి చెప్తా."

డెల్ఫిన్ వంగి, పెద్దల దీవెన అడిగే అక్కడి పద్ధతిలో, ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి తాకించుకున్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే అతని తల మీద ఉంచింది.

"తప్పు నాదే అంటూ ఓడ దిగిన మగాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు," అంది కూతురితో. "పద, బినిగ్నిత్ పాయసం చల్లారిపోతోంది. ఈ అబ్బాయికి పెద్ద గిన్నెలో పొయ్యి."